చుంగ్‌కింగ్‌కి పరస్థానం

నవంబరు 7, శుక్రవారం

భోజనాల దగ్గర ప్రకటన వెలువడింది. డిసెంబరులో ఇక్కడి నేషనల్ డే సెలవులకి చైనా ప్రయాణం. ప్రకటించింది నా కోడలు లక్ష్మిప్రసన్న. "అమ్మా, నీకూ టిక్కెట్టు తీసేశాను" అన్నది నా కొడుకు శ్రీనివాసరాజు, పప్పు కలుపుతూ, తల ఎత్తకుండా. వస్తావా అని నన్నెవరూ అడగలేదు. ఈ బహరేన్ వచ్చినప్పుడూ అడగలేదు. ఈ ఇంట్లో నన్ను సామానుతో పాటు లెక్కేస్తారు.

ఊరి పేరు చోంగ్‌చింగ్ ట. నేను భీమవరం హైస్కూల్లో జాగ్రఫీ చెప్పినన్నాళ్ళూ చుంగ్‌కింగ్. ఊళ్ళు పేర్లు మార్చుకుంటే నా నోరెందుకు మార్చుకోవాలి? గోడకి మ్యాపు తగిలించి, సముద్రం దగ్గర్నుంచి యాంగ్ట్సీ నది వెంబడి కర్రని వెనక్కి నడిపిస్తూ వెళ్ళి, ఇంకో నది వచ్చి కలిసేచోట ఆపి, "ఇక్కడ ఏ ఊరుంది?" అనేదాన్ని. వెనక బెంచీల్లో ఒక్కడూ నోరు విప్పేవాడు కాదు. ఆ కర్ర కొన తగిలి తగిలి మ్యాపులో ఆ చోట చిల్లు పడింది. కొత్త మ్యాపు ఇమ్మని అడిగితే, ఆ ఊరితో మనకేం పనండీ అన్నారు హెడ్మాస్టరు గారు.

మనవరాలు గౌతమి ఫోను తెచ్చి నా ముక్కు కింద పెట్టింది.

"మామ్మా చూడు, రైలు అపార్ట్‌మెంటులోకి దూరిపోతోంది!"

"ఎవరింట్లో దిగుతారే?"

"అబ్బా! లోపల స్టేషనుంది మామ్మా. ఇంకోచోట ఇరవై రెండో అంతస్తులో తలుపు తీసి బయటికొస్తే రోడ్డుంటుంది. బస్సులు తిరుగుతుంటాయి!"

"ఊరంతా కొండలూ మెట్లేనండి" అంది ప్రసన్న. "అత్తయ్యగారికి ఇబ్బందేమో."

"టిక్కెట్టు తీశాక గుర్తొచ్చిందా అమ్మా?" అన్నాను.

నాకు చైనా చూడాలని లేదు. వీసాకి పాస్‌పోర్టు అడిగారు, ఇచ్చాను. ఇవ్వకపోతే అదో గొడవ.

నవంబరు 9, ఆదివారం

ఆ ఊరి గురించి కాస్త చదివాను. వాళ్ళ కోసమే. నాకేం పని.

నవంబరు 14, శుక్రవారం

ప్రసన్న ప్రయాణం ప్లాను అచ్చు తీసి ఫ్రిజ్ తలుపుకి అంటించింది. ఇన్సూరెన్సు ఆఫీసులో పని చేస్తుంది కదా, గళ్ళూ రంగులూ బాగానే వేసింది. గళ్ళలో ఏముందన్నది వేరే సంగతి.

హోటలు కొండ మీద. మధ్యాహ్నం భోజనం కొండ కింద. భోజనం కాగానే విశ్రాంతికి మళ్ళీ హోటలు. సాయంత్రం షాపింగు మళ్ళీ కింద. ఈ ప్లాను వేసిన మనిషి మ్యాపుని చాపలా పరిచి చూసిందే తప్ప, దాని కింద కొండ ఉందని అనుకోలేదు. రాత్రంతా విమానాల్లో కూర్చుని దిగిన పొద్దున్నే నదుల సంగమం. డిసెంబరులో, పొగమంచులో! రెండు నదులూ రెండు రంగుల్లో పక్కపక్కన పారతాయని రాసింది. అది వానాకాలం మాట. చలికాలంలో కింద ఆనకట్ట దగ్గర నీళ్ళు నిలవబెడతారు, రెండు నదులూ ఒకే రంగులో మూగనోము పట్టి కూర్చుంటాయి. అక్కడి హాట్‌పాట్ అనే మరిగే పులుసు కారంగా ఉంటుంది జాగ్రత్త అని ఎర్రరంగు గడి ఒకటి. భీమవరం వాళ్ళని మిరపకాయలతో బెదిరించేవాడు ఇంకా పుట్టలేదు.

ఎర్ర పెన్ను తీసి దిద్దాను. తప్పు ఉన్నచోట గుండ్రం చుట్టాను, పక్కన కారణం రాశాను. అడుగున పదికి నాలుగు మార్కులు వేసి, "శ్రద్ధ చాలదు" అని సంతకం పెట్టాను. నా కాలంలో ఇలాంటి సమాధానానికి మూడే వచ్చేవి.

సాయంత్రం ప్రసన్న చూసింది. కాగితం ఊడదీసి, నాలుగు మడతలు పెట్టి హ్యాండుబ్యాగులో పడేసుకుంది. పద్ధతి తెలిసిన పిల్లయితే థాంక్స్ చెప్పేది.

నవంబరు 15, శనివారం

మంచినీళ్ళకని వంటింటి వైపు వెళ్ళాను. లోపల మొగుడూ పెళ్ళాలు మాట్లాడుకుంటున్నారు. ఒక మాట విన్నాను. రాయను.

నీళ్ళు తాగకుండానే వచ్చేశాను.

నవంబరు 18, మంగళవారం

మనామాలో గుడికి వెళ్ళినప్పుడు మెట్టు దగ్గర తూలాను. తూలడం వేరు, పడడం వేరు. ప్రసన్నకి ఆ తేడా అక్కర్లేదు. ఇంటికి రాగానే మొదలుపెట్టింది.

"మీ మోకాలు ఇలా ఉంటే ఆ ఊళ్ళో ఎలాగండి అత్తయ్యగారూ? అక్కడ ప్రతిచోటా మెట్లే. మీరు బుసైతీన్‌లో సోమేశ్వరరావు గారింట్లో ఉండండి. సాయికుమారి గారు ఎంతో సంతోషంగా ఒప్పుకున్నారు."

"నీ మంచికేనమ్మా" అన్నాడు నా కొడుకు.

సోమేశ్వరరావు వీడి ఆఫీసులో స్నేహితుడు. సాయికుమారి అతని భార్య. నేను తూలింది సాయంత్రం ఆరు గంటలకి. రాత్రి భోజనం వేళకి బుసైతీన్‌లో నాకు గది సిద్ధం, సంతోషం సిద్ధం. నా మోకాలి కంటే ముందు ఈ పిల్ల ప్లాను తయారైపోయింది. ఫ్రిజ్ మీద ప్లాను కూడా ఇంత చురుగ్గా వేసుంటే ఇంకో రెండు మార్కులొచ్చేవి.

"అలాగే" అన్నాను. వెళ్ళాలని ఉన్నవాళ్ళకి కదా బాధ.

నవంబరు 20, గురువారం

లిఫ్టు చెడిపోయింది. మెట్లెక్కి ఇంటికి రావాల్సి వచ్చింది. ఈ బిల్డింగు ఓనరుకి బుద్ధి లేదు.

నవంబరు 24, సోమవారం

పాస్‌పోర్టులు వచ్చాయి. నాలుగింటికీ వీసా కొట్టారు, నాదానికి కూడా. వీసాలో నా మొహం దొంగతనం కేసులో పట్టుబడ్డ మనిషిలా ఉంది. ప్రసన్న నాలుగూ ఒక నీలం పౌచీలో పెట్టి జిప్పు లాగింది.

"మరి మామ్మ టిక్కెట్టో?" అంది గౌతమి.

"రేపు క్యాన్సిల్ చేస్తాను" అన్నాడు వీడు.

వీడి 'రేపు' నాకు కొత్త కాదు. పెళ్ళికి ఒప్పుకునేందుకు ఏడాది తీసుకున్నాడు. బాత్‌రూములో గీజరు బాగుచేయించడం మూడేళ్ళుగా రేపే. వీడు తనంతట తాను దేన్నీ ఖాయం చెయ్యడు, దేన్నీ రద్దు చెయ్యడు.

నవంబరు 27, గురువారం

లిఫ్టు ఇవాళ కూడా పనిచేయలేదు. కూరగాయల సంచితో ఎక్కాను. మధ్యలో ఒక్కసారే ఆగాను. మోకాలు మాట వింటోంది. ఈ ఇంట్లో నా మాట వినేది అదొక్కటే.

నవంబరు 30, ఆదివారం

లిఫ్టు.

డిసెంబరు 4, గురువారం

అందరం కలిసి బజారు నుంచి వచ్చాం. కింద వాచ్‌మన్ పేరయ్య కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. అతనిది సోంపేట. ప్రసన్న లిఫ్టు బటను నొక్కబోయి ఆగింది.

"లిఫ్టు రెండు వారాల్నుంచి పగటిపూట ఆగిపోతోందిట కదా పేరయ్యా, బాగుచేశారా? అత్తయ్యగారు పాపం నడిచే ఎక్కుతున్నారు."

"లిఫ్టుకేటైందండీ? బాగానే ఉన్నాది" అన్నాడు పేరయ్య. "మామ్మగోరే రోజూ మెట్లంట ఎక్కుతన్నారు, దిగుతన్నారు. మళ్ళీ ఎక్కుతన్నారు. నానడిగితే ఎక్సర్సైజు అన్నారు."

లిఫ్టు వచ్చింది. నలుగురం ఎక్కాం. గౌతమి నా చెయ్యి పట్టుకోబోయింది. సంచి ఆ చేతిలోకి మార్చుకున్నాను.

ఆ రోజు వంటింట్లో విన్న మాట ఇప్పుడు రాస్తున్నాను. మళ్ళీ రాయను.

"నాలుగు రోజులు ఆవిడ నోరు వినపడకుండా ఉండాలండి నాకు. అంతే. సెలవుల్లో కూడా నాకు మార్కులెందుకండీ? తర్వాత ఏడాదంతా వింటాను, ఏమీ అనను."

"సరే, చూద్దాం" అన్నాడు వీడు.

నన్ను 'ఆవిడ' అన్నది గానీ, 'అది' అనలేదు. మర్యాద తప్పలేదు. ఇందులో మోకాలికి ఏ సంబంధమూ లేదు. దాన్ని అనవసరంగా ఆడిపోసుకున్నారు.

నాకు వెళ్ళాలని లేదు. ముందే ఒకసారి రాశాను.

డిసెంబరు 11, గురువారం

భీమవరం నుంచి ప్రసన్న తల్లి నరసాయమ్మ గారు ఫోను. నాకు వదిన వరస. అమ్మాయికి చెప్పే మాటలన్నీ నాకు కూడా వినపడేంత గొంతు ఆవిడది. స్పీకరు అక్కర్లేదు, అయినా పెడతారు.

"మంగళారం పూటా ప్రయాణం ఏంటే? ఏ ఇంట్లో అయినా మంగళారం బయలుదేరతారా?"

"టిక్కెట్లు ఆ రోజుకే దొరికాయి మమ్మీ."

"అయితే పరస్థానం పెట్టండి. వేరే దారి లేదు."

పరస్థానం అంటే మంచిరోజు చూసుకుని ఒక బ్యాగు ముందే ఇల్లు దాటించి, దారిలో ఎవరింట్లోనో పెట్టడం. బ్యాగు మంచిరోజున బయలుదేరింది కాబట్టి మనుషులూ బయలుదేరినట్టే. తర్వాత మంగళవారం మనుషులు వెళ్ళి దాన్ని కలుసుకుంటారు. గ్రహాలు బ్యాగుని చూసి మోసపోతాయన్నమాట. విశ్వంలో అంత పెద్దవాటికి అంత చిన్న తెలివి ఉందని నేను క్లాసులో ఎప్పుడూ చెప్పలేదు. ఆ మాట పైకే అన్నాను.

"మీరు చదువుకున్నోరండి వదినగారూ, మీకు చెల్లుద్ది" అన్నారు నరసాయమ్మ గారు. "పిల్లలు ఇంతింత దూరం ఎగిరెళ్తుంటే నాకు భయమండి. మళ్ళీ చెబుతున్నా. అందులో ఏదో ఓ చీర పడేసి పంపొద్దు. ఏది లేకపోతే ప్రయాణం ఆగిపోద్దో అది పెట్టాలి. పెట్టింది మళ్ళీ ఇంటికి రాకూడదు. ముందుకే ఎల్లాలి."

పంచాంగం తిరగేశారు. శుక్రవారం అష్టమి. శని, సోమవారాల్లో తూర్పుకి వారశూల. మిగిలింది ఆదివారం, దశమి. "ఆదివారం అందరూ ఇంటి దగ్గరే ఉంటారు, ఇంకేంటి?" అని ఫోను పెట్టేశారు.

ఆదివారం సెలవు భీమవరంలో. ఇక్కడ సెలవు శుక్ర, శనివారాలు. ఆదివారం వీళ్ళిద్దరికీ డ్యూటీ, పిల్లకి స్కూలు. ఆ ముక్క వదినగారి పంచాంగంలో లేదు.

ప్రసన్న నా వైపు తిరిగింది. పని పడితే ఆ పిల్ల గొంతు మారుతుంది.

"అత్తయ్యగారూ, మిమ్మల్ని ఎలాగూ సోమేశ్వరరావు గారింట్లో దింపాలి కదండి. ఎయిర్‌పోర్టు కూడా అటే. ఆదివారమే మీరు బ్యాగు తీసుకుని వెళ్ళిపోతే, మేం మంగళవారం దారిలో దాన్ని పట్టుకుపోతాం. సాయికుమారి గారు కారు తెస్తారు."

"ఒక్క ట్రిప్పులో రెండు సామాన్లు దిగిపోతాయి" అన్నాను.



డిసెంబరు 14, ఆదివారం, బుసైతీన్

పొద్దున్న అందరూ పోయాక దేవుడి గూటి ముందు బ్యాగు ఉంది. లోపల తలా ఒక జత బట్టలు (నావి లేవు), నీలం పౌచీ, పసుపు గుడ్డలో మూటకట్టిన బియ్యం, వక్క, పసుపుకొమ్ము. ప్రసన్న ఆఫీసు నుంచి ఫోనులో నన్ను నడిపించింది.

"కుడికాలు ముందు పెట్టండి. గుమ్మం దాటాక వెనక్కి తిరిగి చూడకండి. కింద తూర్పుకి నాలుగడుగులు వేసి కారెక్కండి."

"మన గేటు పడమటికి కదా?"

"అదే... ఎలాగో కాస్త చూడండి అత్తయ్యగారూ, మీటింగుంది నాకు" అని పెట్టేసింది.

ఎలాగో కాస్త చూశాను. లిఫ్టు బాగానే ఉంది, అయినా మెట్లు దిగాను. గేటు దాటి, బిల్డింగు చుట్టూ తిరిగి, చెత్త డబ్బాల పక్క నుంచి తూర్పు ముఖంగా నడిచాను. సాయికుమారి కారులో హారను కొడుతోంది. పేరయ్య వెనకాలే పరిగెత్తుకొచ్చాడు.

"ఎటెల్తన్నారు మామ్మగోరూ, బ్యాగొట్టుకుని?"

"చైనాకి" అన్నాను.

ఎందుకన్నానో తెలియదు. వేరే జవాబు పొడుగవుతుంది.

సాయికుమారి ఇంట్లో సోఫాకి ప్లాస్టిక్ కవరు, రిమోటుకి ప్లాస్టిక్ కవరు. కదిలితే చప్పుడు. టీలో పంచదార పాకం. ఇలా అయిదారు రోజులు.

అదే రోజు, సాయంత్రం

నరసాయమ్మ గారు నాకే ఫోను చేశారు. ఎప్పుడూ చెయ్యరు.

"వదినగారండీ, పరస్థానం పెట్టేసేరా?"

"పెట్టేశామండి. నా కళ్ళెదురుగానే ఉంది."

"అమ్మాయి పెట్టిందా, అబ్బాయిగారు పెట్టేరా?"

"వాళ్ళకి డ్యూటీ. నేనే తెచ్చాను."

అటు గొంతు ఆగిపోయింది. ఆ గొంతు ఆగడం నేను వినడం ఇదే మొదలు.

"మీరెట్టేరా? గుమ్మం మీరు దాటేరా? కుడికాలెట్టి?"

"మీ అమ్మాయి చెప్పినట్టే. తూర్పుకి కూడా నడిచాను, చెత్త డబ్బాల పక్కన."

"అయ్యబాబోయ్! ఎవరైనా ఎదురొచ్చేరా? ఏమన్నా అడిగేరా?"

"వాచ్‌మన్ అడిగాడు. చైనాకి అన్నాను."

"నోటితో కూడా అన్నారా!" ఆవిడ కూలబడినట్టు వినిపించింది. "ఇంకేముందండీ వదినగారూ. బయలుదేరింది మీరు. వాళ్ళు కాదు. పరస్థానం ఎవరి చేత్తో ఇల్లు దాటితే ప్రయాణం వాళ్ళది. ఇప్పుడు మీరెళ్ళకుండా ఇంటికి తిరిగెళ్ళేరంటే మధ్యలోంచి వెనక్కొచ్చినట్టు. మీ వెనకాల ఎగిరేవాళ్ళకి మంచిది కాదు. మా అమ్మాయిని, మనవరాలిని..."

"నా మోకాలు బాగాలేదు కదండీ."

"మోకాలిదేముందండీ, ముహూర్తం చూడాలి గానీ! రేపు మళ్ళీ పెడదామంటే వారశూల. ఉండండి, దానికి ఫోను చేస్తాను."

పదిహేనేళ్ళ వియ్యంలో మొదటిసారి ఆవిడ మాట కాదనబుద్ధి కాలేదు.

దీనిలో ఒక చిక్కుంది. వెళ్ళాలంటే నేను ఈ బ్యాగు తంతుని నమ్మాలి. మొన్న దాన్ని వెక్కిరించింది నేనే. ఆలోచించాను. నమ్మకం నాది కానక్కర్లేదు. వాళ్ళది. వాళ్ళ నమ్మకానికి అడ్డురాకుండా ఉండడం పెద్దదానిగా నా మర్యాద.

వెళ్ళాలని కాదు.

డిసెంబరు 15, సోమవారం

ఆఫీసు నుంచి సరాసరి ఇక్కడికే వచ్చారు ఇద్దరూ. ప్రసన్న ప్లాస్టిక్ సోఫా మీద కూర్చోలేదు. సాయికుమారి టీ పెడతానని వంటింట్లోకి వెళ్ళి, స్టవ్వు వెలిగించకుండా నిలబడింది. చప్పుడు లేకపోవడం వల్ల తెలిసింది.

"మా మమ్మీకి మీరేం చెప్పారండి?"

"ఏం జరిగిందో చెప్పాను."

"కావాలనే చేశారు. మీకు తెలుసు."

"బ్యాగు తీసుకెళ్ళమన్నది నువ్వు. కుడికాలు పెట్టమన్నది నువ్వు. నన్ను బుసైతీన్‌లో దించాలని ఆత్రపడి, ప్రయాణం నా చేతిలో పెట్టి పంపావు. నాకేం తెలుసు? నేను నమ్మను కూడా."

"నమ్మకపోతే ఇంటికొచ్చెయ్యండి!"

"వస్తాను. కారు తియ్యమను వాణ్ణి" అని లేచి బ్యాగు పట్టుకున్నాను.

"వద్దు!" అంది ప్రసన్న. అరిచింది. వంటింట్లో గిన్నె పడింది.

ఆ పిల్ల మొహంలో భయం చూశాను. నా మీద కోపం కాదు, నిజంగా భయం. రెండు విమానాలెక్కి కూతుర్ని తీసుకుపోతున్న తల్లి భయం. చప్పున బ్యాగు కింద పెట్టేశాను. దాంతో ఆడుకోవడం బాగాలేదు.

"టిక్కెట్టు రద్దయిపోయింది కదా, ఇప్పుడీ మాటలన్నీ ఎందుకు?" అన్నాను.

ఇద్దరం శ్రీనివాసరాజు వైపు తిరిగాం. వాడు ఫోనులోకి చూశాడు, నేలలోకి చూశాడు.

"రేపు చేద్దామనుకున్నాను" అన్నాడు.

వాడి జీవితంలో బద్ధకం ఒక్కసారైనా ఎవరికో పనికొచ్చింది. ప్రసన్న గోడకి ఆనుకుంది. చిన్న గొంతుతో మాట్లాడింది.

"మీ మోకాలి గురించి కాదండి అత్తయ్యగారూ."

"తెలుసు. వంటింట్లో విన్నాను. నాలుగు రోజులు నా నోరు వినపడకూడదు."

సిగ్గుపడుతుందనుకున్నాను. పడలేదు.

"అవునండి, అన్నాను. పొద్దున్న లేస్తే కాఫీ దగ్గర మొదలు. గళ్ళు, రంగులు, నా పచ్చడి, నా చీర, నా ఆఫీసు. ఆ ప్లాను చెయ్యడానికి నాలుగు రాత్రులు కూర్చున్నాను. మీరు పదికి నాలుగు వేసి ఫ్రిజ్ మీద వదిలేశారు. గౌతమి స్నేహితులు చూసి నవ్వేరు. నా వయసు నలభై ఒకటండి. నాకింకా మార్కులేంటి?"

జవాబు ఉంది నా దగ్గర. ఎప్పుడూ ఉంటుంది. ఈసారి చెప్పలేదు.

"రండి" అంది. "మీరు రాకపోతే నాకు నిద్ర పట్టదు, మా మమ్మీ పట్టనివ్వదు. కానీ బయలుదేరిన దగ్గర్నుంచి తిరిగొచ్చేదాకా ఒక్క మాట... ఒక్క తప్పు... పైకి అనకూడదు. మెట్లెక్కలేకపోతే ఆ రోజు హోటల్లోనే. ఒప్పుకుంటారా?"

"తప్పులే కాదు, మాటే మాట్లాడను. ఖలాస్" అన్నాను.

గౌతమికి మాత్రం జవాబిస్తానని మినహాయింపు అడిగాను. అదిచ్చింది.

సాయికుమారి అప్పుడు స్టవ్వు వెలిగించింది.

డిసెంబరు 16, మంగళవారం, ఎయిర్‌పోర్టు

గేటు దగ్గర కూర్చుని రాస్తున్నాను. నోరు మూసుకుంటే చెయ్యి ఇంత వేగంగా కదులుతుందని తెలియదు.

ఇప్పటిదాకా అననివి: పిల్లకి మఫ్లరు తేలేదు. నా కొడుకు బోర్డింగ్ పాసులు మూడుసార్లు పోగొట్టి మూడుసార్లూ తన జేబులోనే కనిపెట్టాడు. ప్రసన్న ఎత్తుమడమల చెప్పులు వేసుకొచ్చింది, కొండల ఊరికి. గౌతమి నా చెవిలో "మామ్మా, ఏదో ఒకటి అను, అమ్మ భయపడుతోంది" అంటే, "రైలు దూరే ఇల్లు ఏ నది ఒడ్డున ఉందో చెప్పు" అన్నాను. దానికి తెలియలేదు. అది మాత్రం మినహాయింపు.

సెక్యూరిటీ దగ్గర పరస్థానం బ్యాగు ఆగిపోయింది. యూనిఫారంలో ఉన్న అమ్మాయి, ఇరవై అయిదేళ్ళుండొచ్చు, జిప్పు తీసి పసుపు మూట విప్పింది. బియ్యం, వక్క, పసుపుకొమ్ము. తెల్ల గ్లవ్సుకి పసుపు అంటింది. ఎవరిది అని ఇంగ్లీషులో అడిగింది. ముగ్గురూ నన్నే చూపించారు.

ఇదేమిటి అని నన్నడిగింది. ఎందుకు పట్టుకెళ్తున్నావంది. నేను ప్రసన్న వైపు చూశాను.

"ఇట్ ఈజ్... ఫర్... లైక్, పూజా..." అని నా కొడుకు మొదలుపెట్టి ఆపేశాడు. పై అధికారి ఒకాయన ఇటు నడిచి వస్తున్నాడు. వెనక క్యూ పెరుగుతోంది.

"చెప్పండి అత్తయ్యగారూ!" అంది ప్రసన్న. "మీ ఇంగ్లీషు బాగుంటుంది కదా, చెప్పండి!"

"పైకి అనమంటావా?"

"అనండీ బాబూ!"

అన్నాను. ఇది మా ఆచారం, మంగళవారం మాకు ప్రయాణానికి మంచిరోజు కాదు, అందుకని మా తరఫున ఈ బ్యాగు ఆదివారమే బయలుదేరింది, మేము దాని వెంట వెళ్తున్నాం అని. బియ్యం అక్కడ దిగాక లోపలికి రానివ్వరని నాకు తెలుసు, మీరే తీసి పారేస్తే మేలు చేసినవారవుతారని కూడా. క్లాసులో చెప్పినట్టు, ఒక్కో ముక్కా విడదీసి చెప్పాను. ఆ అమ్మాయి విని, మా నలుగుర్నీ చూసి, "ఆదివారం నుంచి వెయిట్ చేస్తోందా ఇది?" అన్నట్టు నవ్వింది. మూట చెత్తబుట్టలో వేసి, గుడ్డ మాత్రం మడిచి నా చేతికిచ్చింది. "యల్లా, మామా, యల్లా" అంది, వెళ్ళమ్మా వెళ్ళు అని.

కుర్చీల్లోకి వచ్చాక ప్రసన్న నా పక్కన కూర్చుంది. మధ్యలో బ్యాగు.

"బియ్యం తీసుకెళ్ళకూడదని మీకు ముందే తెలుసా అండి?"

"ఆదివారం నుంచి."

"మరి చెప్పలేదేం?"

నా పెదవుల మీద వేలు పెట్టి చూపించాను. పళ్ళు కొరికింది. కొరకనీ. టీ తెచ్చి ఒక కప్పు నా వైపు జరిపింది. పంచదార ఎక్కువ. అనలేదు. తాగాను.

ఎదురుగా అద్దం అవతల మా విమానం. మొదట గ్వాంగ్‌జౌ, అక్కడ మారి చుంగ్‌కింగ్. అక్కడ పొగమంచు ఉంటుంది. నదులు రెండూ ఒకే రంగులో ఉంటాయి. ఏదీ కనబడకపోవచ్చు. అయినా ఒడ్డున నిలబడి, కర్ర పెట్టిన చోటు ఇదీ అని కాలితో ఒకసారి తొక్కి వస్తాను. వెళ్ళాలని ఉంది. ఈ పుస్తకం ఎవరూ చదవరు కాబట్టి రాస్తున్నాను. మొదటి రోజు నుంచీ ఉంది.

ఖాళీ కప్పు పక్కన పెట్టి ప్రసన్న మళ్ళీ అంది, నా వైపు చూడకుండా.

"మీరేమీ అనకపోతే, లోపల ఏమనుకుంటున్నారో అని ఇంకా గుబులుగా ఉందండి. ఇంకేమైనా తెలిస్తే చెప్పెయ్యండి. అక్కడికెళ్ళాక నా వల్ల కాదు ఇలాగ."

"ప్లాను తెచ్చావా?"

హ్యాండుబ్యాగులోంచి తీసింది. నాలుగు మడతలది, పాతదే, నా గుండ్రాలతో. పక్కనే కొత్తది. కొత్తదానిలో సంగమం రెండో రోజుకి మారింది. హోటలు ఇంకా కొండ మీదే ఉంది.

"ఎర్ర పెన్ను ఉందా?" అన్నాను.

లేదంది. ఉండదని తెలుసు. నేను తెచ్చుకున్నాను.